రైతుబిడ్డ కాదు, టెంట్‌హౌస్ మనిషి

మా వియ్యంకుడు పోయాడని పొద్దున్నే మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. చీర మార్చుకుని, ఇంటికి తాళం వేసి బయలుదేరాను. ఇద్దరిదీ ఒకే ఊరు, నడిచి పోయేంత దూరమే. చౌరస్తా దగ్గర మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. శవం ఇంకా ఇంట్లోనే ఉంది, ఫ్లెక్సీ అప్పుడే బజారుకు వచ్చేసింది. మేడ్చల్‌లో ఫ్లెక్సీలు కొట్టే దుకాణాలకు వేళాపాళా ఉండదనుకుంటాను. తలకు పాగా, భుజం మీద నాగలి, వెనుక పచ్చని వరిపొలం, వీటన్నిటి మధ్య ఆయన ముఖం అతికించి ఉంది. ‘మట్టిని నమ్మిన రైతుబిడ్డ, మాజీ సర్పంచ్ గారికి కన్నీటి నివాళి’ అని రాశారు. పక్కన నివాళి అర్పించేవాడి ఫొటో, పోయినవాడి ఫొటో కంటే పెద్దది. ఆ పెద్ద ఫొటో మా అల్లుడిది.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైర్ అయినదాన్ని. తప్పు కనబడితే ఎర్రసిరా పెన్ను కోసం చెయ్యి తనంతట తానే వెతుక్కుంటుంది. ఆయనకు గుంటెడు భూమి లేదు. ఆయన నాయినకు లేదు. నాగలి పట్టిన చెయ్యి కాదది, షామియానా గుంజ పట్టిన చెయ్యి. ఈ ఊళ్ళో ఆ సంగతి తెలియని మనిషి లేడు. అయినా చౌరస్తాలో నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ నోరు తెరవలేదు. తల పైకెత్తి చూసి, మొహం వేలాడేసి, చాయ్ తాగుతున్నారు.

మూడోనాడు అల్లుడు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, కిందికి చూస్తూ కూర్చున్నాడు. నా దగ్గర చదువుకున్నవాడు. ఏదో తేడా ఉన్నప్పుడే వాడు కిందికి చూస్తాడని నాకు తెలుసు.

“అత్తమ్మా, దినాలకు నాయిన మీద చిన్న పుస్తకం కొట్టిపిస్తున్న. మీరయితే మంచిగ రాస్తరు.”

“ఏం రాయాలె?”

“ఆయన జీవితమే అత్తమ్మా. పేద రైతు కుటుంబంల పుట్టి, మట్టిని నమ్ముకొని, అంచెలంచెలుగ ఎదిగి...”

“ఏ మట్టి? సర్వే నంబర్ చెప్పు, రాస్త.”

“మాటకు అంటం గదా అత్తమ్మా.”

“నేను అనను. టెంట్‌హౌస్ అని రాస్త. మైకు సెట్టు మోసిండు, కుర్చీలు మోసిండు, సర్పంచ్ అయిండు అని రాస్త.”

వాడు తల ఎత్తాడు. “టెంట్‌హౌస్ అంటే ఏం ఇజ్జత్ ఉంటది? టికెట్ అడిగే టైం ఇది. పార్టీల మీదోళ్ళు బ్యాక్‌గ్రౌండ్ జూస్తరు.”

అసలు సంగతి అదీ. మా ఊరికి ఇప్పుడు సర్పంచ్ లేడు. పంచాయతీ పోయి మున్సిపాలిటీలో కలిసింది, మున్సిపాలిటీ పోయి నగరంలో కలుస్తోంది. ఎవరు ఎందులో కలిసినా వార్డుకు ఒక సీటు ఉంటుంది. ఆ సీటుకు మా అల్లుడు నిలబడాలనుకుంటున్నాడు. వాడు చేసేది ప్లాట్ల వ్యాపారం. ప్లాట్లు అమ్మేవాడికి ఓటెయ్యమని ఎవరూ అడగలేరు కాబట్టి, తండ్రిని రైతుబిడ్డను చేసి, తాను రైతు మనవడు కావాలనుకున్నాడు. నేను టెంట్‌హౌస్ అనే రాసిచ్చాను, ఆ కాగితాలు వెనక్కి వచ్చాయి. వరిపొలం బొమ్మతో పుస్తకం వేరేవాళ్ళ చేత రాయించుకున్నాడు. అందులో చోటు దొరకని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, ఇది పొగడ్త కాదు. ఆయన, నేను చాలా ఏళ్ళు మాట్లాడుకోలేదు. అందుకు తగిన కారణం ఉంది, ఆ కారణం ఆయనతో పాటు చావలేదు.

ఎన్నికైనవాడి వెనకటి పని ఏమిటో అడిగే అలవాటు మన ఊళ్ళలో లేదు. ఏ కులం, ఏ పార్టీ, ఎవరి మనిషి, ఇవే అడుగుతారు. నా లెక్క వేరు. మనిషి ఏ పని చేస్తూ కుర్చీ ఎక్కాడో, ఆ పని అలవాటు కుర్చీలోకి కూడా వస్తుంది. మా ఊరి మొదటి సర్పంచ్ పెద్ద భూస్వామి. పంచాయతీ ఆఫీసు ఉండగా తన ఇంటి అరుగు మీదే పంచాయతీ నడిపాడు, బీదవాళ్ళను పశువుల కొట్టం పక్కన నిలబెట్టాడు. తర్వాత ఒక కల్లు కాంట్రాక్టర్ వచ్చాడు. ఊరి పనులన్నీ ఉద్దెర మీద జరిగాయి, ఏదీ తీరలేదు. ఆ తర్వాత సీటు ఆడవాళ్ళకు రిజర్వ్ అయి ఒక ఇల్లాలు గెలిచింది. ఆమెను నేను ఆఫీసులో ఒక్కసారే చూశాను, ఆమె భర్తకు టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయింది. వీళ్ళందరి పోస్టర్ల మీదా ‘రైతుబిడ్డ’ అనే ఉండేది. ఇంతమంది రైతుబిడ్డలు పాలించిన ఊళ్ళో పొలాలన్నీ ప్లాట్లు ఎలా అయ్యాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా వియ్యంకుడు వాళ్ళ తర్వాత వచ్చాడు. చిన్నప్పుడు షామీర్‌పేటలో ఒకాయన దగ్గర మైకు సెట్టు మోశాడు. పెళ్ళిలో పాటలు వేసే పిల్లవాడిగా మొదలై, కొంతకాలానికి రెండు పాత షామియానాలు, కొన్ని ఇనుప కుర్చీలు కొనుక్కుని సొంతంగా టెంట్‌హౌస్ పెట్టాడు. ఇనుప కుర్చీలు పోయి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ప్రతి కుర్చీ వీపు మీదా తెల్ల రంగుతో దుకాణం పేరు తానే రాసుకునేవాడు. ఒక అక్షరం ఎప్పుడూ తప్పే రాసేవాడు. చెప్పినా దిద్దుకోలేదు.

మా అమ్మాయి సంబంధం మాట్లాడేటప్పుడు మా వాళ్ళు మొహాలు ముడుచుకున్నారు. “హెడ్ మేడం బిడ్డను వంట గుండిగలు కిరాయికిచ్చేటోళ్ళ ఇంటికిస్తరా?” అని మా ఆడపడుచు ఆయన వినేటట్టే అన్నది. పిల్లవాడు కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, పిల్ల ఇష్టపడింది, నాకు అది చాలు. ఆయన మాత్రం నవ్వాడు. “మాది ఊరంత ఇల్లే అక్కా. కాకపోతే రోజుకొక తాన ఏస్తం” అన్నాడు. మాట బాగుందనుకున్నాను. బాగా మాట్లాడేవాళ్ళను నమ్మకూడదని కూడా అప్పుడే అనుకున్నాను.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. చావు ఇంటి నుంచి లేచేటప్పుడు మనలో ఎవరూ ‘పోయొస్త’ అనరు. అటువంటి పని మీద ఆ ఇంటికి మళ్ళీ రావలసిన అవసరం పడకూడదని. పొద్దున పెళ్ళి ఇంటికి, మధ్యాహ్నం చావు ఇంటికి ఒకే ట్రాలీలో తిరిగే మనిషికి ఎక్కడ అనాలో ఎక్కడ అనకూడదో చూసుకునే ఓపిక పోయిందేమో, ఏ ఇంట్లో అయినా ఆ మాట అనడం మానేశాడు. లేచి, భుజం మీది తువ్వాల దులిపి, నడిచిపోయేవాడు. మా అమ్మాయి పెళ్ళి మాటలు అయ్యాక కూడా అలాగే పోయాడు. మా ఆడపడుచు దానికీ ఒక మాట అన్నది.

సర్పంచ్‌గా నిలబడినప్పుడు ఈ అలవాటు ఆయన కొంప ముంచేదే. ఓట్లు అడిగి, దండం పెట్టి, తిరిగి చూడకుండా పోతుంటే జనం చిన్నబుచ్చుకున్నారు. చెరువు దిక్కు వీధిలో ఒక ముసలామె గడపలో నిలబడి గట్టిగా అడిగేసింది.

“ఏం రా, ఓటడగొచ్చినోనివి పోయొస్త అవ్వా అని గూడ అనకపోతివి. ఇప్పటిసందే గర్వమా?”

ఆయన వెనక్కి తిరిగాడు. “అవ్వా, నేను మల్ల వస్తే నీకు మంచిది గాదు.”

వీధి అంతా విరగబడి నవ్వింది. ముసలామె కూడా నవ్వింది. “గట్లనా, అయితే ఇటు రాకు బిడ్డా, ఓటు ఏస్త గని” అన్నది.

ఆ ఎన్నికల్లోనే ఇంకో విడ్డూరం చూశాను. పెద్ద మీటింగ్ రోజు షామియానా వేస్తున్నారు, అది ఆయనది కాదు. గుంజల మీద మేడ్చల్ టెంట్‌హౌస్ వాళ్ళ పేరు ఉంది. మా వియ్యంకుడికి ఆ దుకాణంతో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే వైరం. నేను ఉండబట్టలేక అడిగాను.

“ఏందన్నా, నీ గోదాం నిండ సామాను పెట్టుకొని పగోని దగ్గర కిరాయికి తెచ్చినవు?”

“నా షామియానా కింద ఊరంత ఏడ్సింది అక్కా. దాని కింద నిలవడి ఓటడిగితే ఆ ఏడ్పు యాదికొచ్చి ఏస్తరు. గట్ల ఏసిన ఓటు నాకొద్దు.”

ఆ మాట ఆయన ఇంటిల్లిపాదికీ నియమంగా చెప్పి పెట్టాడు. టెంట్‌హౌస్ సామాను పెళ్ళికి, చావుకు, పండుగకు, బడి ఫంక్షన్‌కు పోవాలి. ఓట్ల మీటింగ్‌కు పోకూడదు, తనదైనా సరే. ఆ రోజు మేడ్చల్ వాళ్ళు తాళ్ళు సరిగా బిగించలేదు. మంచి ఉపన్యాసం మధ్యలో గాలి వచ్చి షామియానా ఒక పక్క ఒరిగింది. జనం లేచారు. ఆయన మైకు కింద పెట్టి, స్టేజి దిగి, మేకు దగ్గర కూర్చుని తాడు బిగించి కట్టి, మళ్ళీ ఎక్కి వదిలిన మాట దగ్గర నుంచి అందుకున్నాడు. ఆయన ఉపన్యాసంలో ఏం చెప్పాడో ఎవరికీ గుర్తు లేదు. తాడు బిగించడం అందరికీ గుర్తుంది. గెలిచింది ఆ తాడు వల్లే.

గెలిచాక నా లెక్కే నిజమైంది. టెంట్‌హౌస్ మనిషికి ఏ పని అయినా ఫంక్షన్ రోజుకు సిద్ధం కావాలి, అంతే. ఆయన వేయించిన రోడ్డు ప్రారంభోత్సవం నాడు అద్దంలా ఉంది, వానలు పడ్డాక పరదాలా చినిగింది. మురికి కాలువ మీద బండలు పరిచి, ముగ్గు వేయించి, మంత్రి వెళ్ళిపోయాక మరిచిపోయాడు. నేను అడిగితే ఒక సామెత తయారుగా పెట్టుకున్నాడు. “సర్పంచ్‌గిరి గూడ కిరాయి షామియానానే అక్కా. చినగకుండ వాపస్ ఇస్తే సాలు.”

“నువ్వు చింపే ఇస్తున్నవు” అన్నాను.

“కుట్టు ఏస్త తియ్యి” అన్నాడు. వెయ్యలేదు.

ఒక్క పని మాత్రం ఆయన బాగా చేశాడు. బాగా చేసినదాన్ని రాయకపోతే నేనూ ఆ ఫ్లెక్సీ రాసినవాడూ ఒకటే అవుతాం. అంతకు ముందు గ్రామసభలో పెద్దవాళ్ళకు చేతుల కుర్చీలు, మిగతావాళ్ళకు జంపఖానా, కొందరికి అదీ లేక గోడ అవతల నిలబడటం. ఈయన మొదటి సభకు గోదాం నుంచి తన కుర్చీలు తెప్పించి వరసగా వేయించాడు. మొదటి సర్పంచ్ ఇంటి పెద్దాయన వచ్చి, నాలుగు దిక్కులా చూసి, “నా కుర్చీ ఏది?” అన్నాడు.

“నా కాడ అన్ని ఒక్క తీరే ఉన్నయి పటేలా. ఏది ఎండల లేకుంటే అది నీది” అన్నాడు ఈయన.

పెద్దాయన కాసేపు నిలబడి, కూర్చున్నాడు. ఆయన పక్క కుర్చీలో చేపలు పట్టే ఇంటి మనిషి కూర్చున్నాడు. ఆ రోజు నేను వెనుక వరసలో ఉన్నాను. చూశాను.

ఇక మా తగాదా. మా బడికి ఒక గ్రౌండ్ ఉండేది. దాని వెనుక పొలాలు ఎవరో కొని వెంచర్ వేశారు, విల్లాలు కడతామన్నారు. వాళ్ళకు మెయిన్ రోడ్డు నుంచి దారి కావాలి. దగ్గరి దారి గ్రౌండ్ మధ్య నుంచి. పంచాయతీ ఒప్పుకున్నట్టు తీర్మానం అయింది, కింద మా వియ్యంకుడి సంతకం. నాకు తెలిసేసరికి గ్రౌండ్‌లో కంకర పోసి ఉంది. నేను గ్రామసభకు పోయి, ఆయన వేయించిన ఆ కుర్చీల మధ్య నిలబడి అడిగాను.

“చదివి సంతకం పెట్టినవా, చదవకుండ పెట్టినవా?”

“రోడ్డు పడితే ఊరు పెరుగుతది అక్కా. కొంపల్లి జూడు, ఎట్లుండె, ఎట్లయింది.”

“కొంపల్లిని నన్ను జూడమనకు. పిల్లలు ఏడ ఆడాలె?”

“నా గోదాం ముంగట జాగ ఉంది. ఆడుకోనియ్యి.”

“మందికి పరదాలు కిరాయికి ఇచ్చినట్టు నా పిల్లలకు జాగ కిరాయికి ఇస్తున్నవా?”

ఆయన ముఖం నల్లబడింది. తువ్వాల దులిపి లేచిపోయాడు. ఆనాటి నుంచి మాటలు లేవు. పండుగకు వెళితే ఆయన ముందు గదిలో, నేను వంటింట్లో. మా అమ్మాయి మధ్యలో నలిగింది. మా వదిన, అంటే ఆయన భార్య, చాయ్ గ్లాసు నా చేతికిస్తూ మెల్లగా అనేది, “మీరిద్దరు ఒక్క బడిల సదువుకుంటే మాస్టరుకు పిచ్చి లేసేది వదినా.”

గ్రౌండ్ పోయింది. రోడ్డు పడింది. పక్కన ఒక చీలిక మిగిలింది, బడి ప్రార్థన అందులోనే జరుగుతుంది. రెండోసారి ఆయన ఓడిపోయాడు. ఎన్నికల తర్వాత బజారులో ఎదురుపడితే నేనే ఆగి చెప్పాను, “నీకు ఓటు ఎయ్యలేదు.”

“తెలుసక్కా” అన్నాడు. “నీ మొకంల దాపరికం ఉండదు.” అన్ని ఏళ్ళలో మేం మాట్లాడుకున్నవి ఆ రెండు మాటలే.

మా ఆయన పోయినప్పటి సంగతి కూడా చెప్పాలి. ఆస్పత్రి నుంచి బండిలో ఇంటికి తెస్తున్నాం. మధ్యాహ్నపు ఎండ. ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పే తెలివి లేదు. మా సందు మలుపు తిరిగేసరికి ఇంటి ముందు నీడ ఉంది. షామియానా వేసి, కుర్చీలు పరిచి, నీళ్ళ డ్రమ్ము పెట్టి ఉన్నాయి. మా వియ్యంకుడు మూలన ఒంగి మేకు కొడుతున్నాడు. పనివాళ్ళు ఉన్నా ఆ మేకు తనే కొడుతున్నాడు. నా వైపు చూడలేదు, నేను పలకరించలేదు. దినాలు అయ్యేదాకా రోజూ వచ్చి తాళ్ళు చూసుకుని పోయాడు.

టెంట్ విప్పిన రోజు నేను వరండాలో ఉన్నాను. ఆయన ఒక్కో మేకు పీకి, ఆ గుంతలోకి కాలితో మన్ను తోసి, చెప్పుతో గట్టిగా తొక్కుతున్నాడు. ఇంటి ముందు మొత్తం అలాగే చేశాడు. ఎందుకని నేను అడగలేదు, నోటితో అడగలేదు. ఆయనే చెప్పాడు, నాకు కాదు, గోడకు చెప్పినట్టు.

“గుంతలు ఉండిపోతే మనిషి లేని జాగ కనవడ్తది.”

తువ్వాల దులిపి పోయాడు. పోయొస్త అనలేదు.

తర్వాతి నెలలో నేను గ్రౌండ్ మీద పై అధికారులకు మరో అర్జీ పెట్టాను, ఆయన పేరు స్పష్టంగా రాసి. చావు ఇంట్లో ఆయన చేసినది ఒక లెక్క, గ్రౌండ్ ఒక లెక్క. రెండూ కలిపి చెల్లుకు చెల్లు అనడం నాకు చేతకాదు.

ఇప్పుడు ఆయన దినాల సంగతి. ఆ ఇంట్లో మా వదిన ఒక్కటే కోరింది. “ఊర్ల ఎవలు పోయినా ఆయన కుర్చీల మీదనే కూసున్నరు. ఆయన దినాలకు గూడ అవ్వే ఏద్దాం.” మా అల్లుడు వినలేదు. పార్టీ నుంచి పెద్దాయన వస్తున్నాడు, ఎర్ర కుర్చీలు వేస్తే పరువు పోతుందన్నాడు. కొంపల్లి నుంచి ఈవెంట్ వాళ్ళను పిలిపించాడు. తెల్లటి పందిరి, కూలర్లు, ముందు వరసలో సోఫాలు, వెనుక తెల్లగుడ్డ తొడిగి వెనకాల రిబ్బన్ కట్టిన కుర్చీలు. చూస్తే దినాలా, రిసెప్షనా అని అనుమానం వచ్చేటట్టు ఉంది. టెంట్‌హౌస్ మనిషి ఇంట్లో టెంట్‌హౌస్ షటర్‌కు తాళం.

పిండాలు అయ్యాక మా వదిన ఎవరితోనూ ఏమీ అనలేదు. కొంగున కట్టుకున్న తాళంచెవి తీసి, ఇంటి పక్కనున్న గోదాం షటర్ ఎత్తి, ఒక ఎర్ర కుర్చీ ఈడ్చుకొచ్చి, గోదాం మెట్టు ముందు ఎండలో వేసుకుని కూర్చుంది. మా అల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మా, ఇదేంది? ముంగట సోఫాల కూసో. పెద్దసార్ వస్తుండు.”

“నా మొగడు పోయిండు. నాకు పెద్దసార్ ఎవడు?”

“మంది జూస్తున్నరే.”

“జూడనియ్యి. నాయిన కుర్చీల కూసుంటే నీకు ఇజ్జత్ పోతే, నువ్వు గా సోఫాల కూసో.”

నేనూ లోపలికి పోయి ఒక కుర్చీ తెచ్చుకుని ఆమె పక్కన వేసుకున్నాను. ఆయన మీద ప్రేమతో కాదు. ఆ రిబ్బన్ కుర్చీలో కూర్చుంటే నేనూ ఆ వరిపొలం బొమ్మలో నిలబడ్డట్టే. మా అమ్మాయి భర్త ముఖం చూసింది, నా ముఖం చూసింది, తనూ ఒకటి తెచ్చుకుంది. తర్వాత చెరువు దిక్కు వీధి ఆడవాళ్ళు వచ్చారు. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకున్నారు. కొంచెం సేపటికి తెల్లపందిరి కింద కూలర్లు ఎవరికీ కాకుండా తిరుగుతున్నాయి.

అప్పుడు పెద్దాయన కారు దిగాడు. ఇటువంటివాళ్ళకు కంటి చూపు వేరుగా ఉంటుంది. పందిరి వైపు చూశాడు, మా వైపు చూశాడు, ఫొటోలు తీసేవాడికి సైగ చేసి, తిన్నగా వచ్చి మా వదిన పక్కన ఎర్ర కుర్చీలో కూర్చున్నాడు.

“ఈ కుర్చీలు ఎక్కడియమ్మా?”

“మా ఇంటాయనయి. ఊర్ల ఏ సావైనా గివ్వే.”

పెద్దాయన లేచి మా అల్లుడి భుజం తట్టాడు. “ఇది గదనయ్యా బ్యాక్‌గ్రౌండ్ అంటే! రైతుబిడ్డలు నా కాడ మస్తుమంది ఉన్నరు.”

నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

తెల్లారి చౌరస్తాలో వరిపొలం లేదు. కొత్త ఫ్లెక్సీ. మా అల్లుడు భుజం మీద షామియానా గుంజ పెట్టుకుని నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా మడత కూడా నలగలేదు. ‘టెంట్లు మోసిన పేదింటి బిడ్డ, మీ సేవలో’ అని రాసి ఉంది. వీడు బడికి వచ్చే రోజుల్లో తండ్రి ట్రాలీ మా బడి ముందు నుంచి పోతుంటే, అందులో కూర్చున్న వీడు దోస్తులకు కనబడకుండా పరదాల కట్ట కింద దాక్కునేవాడు. పదో తరగతి కిటికీ నుంచి నాకు కాళ్ళు కనబడేవి. తండ్రిది పొలం అన్నప్పుడు అది అబద్ధం. తండ్రిది టెంట్‌హౌస్ అన్నప్పుడు అది నిజం, కానీ ఆ నిజాన్ని వీడు మోయలేదు. ముందు ఫ్లెక్సీ కంటే ఈ ఫ్లెక్సీ మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. పొలాన్ని ఎవడైనా బొమ్మ గీసుకోవచ్చు. ఆ గుంజ మోసిన భుజం మాత్రం ఒక్కడిదే, ఆ ఒక్కడినీ మేం కాల్చి వచ్చాం.

ఆ వారంలోనే వాడు తల్లి దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే కూర్చుని మనవరాలికి జడ వేస్తున్నాను.

“అమ్మా, తాళంచెవి ఇయ్యే. ఐతారం మీటింగ్ పెట్టుకున్న. నాయిన షామియానా, నాయిన కుర్చీలే ఏస్త. మొత్తం ఎర్రగ కనవడాలె.”

మా వదిన బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

“ఓట్ల మీటింగ్‌కు ఇయ్య.”

“నాయిన సామాను నాది గాదా?”

“సామాను నీదే. నాయిన మాట గూడ నీదేనా?”

“గెలిస్తే గదా అమ్మా, నాయిన పేరు నిలవడేది!”

“మీ నాయిన సొంతానికే ఏసుకోలే. మేడ్చల్ కెళ్ళి పగోనిది తెచ్చుకున్నడు. నువ్వు గూడ పోయి తెచ్చుకో.”

వాడు నా వైపు తిరిగాడు. “అత్తమ్మా, మీరన్న జర చెప్పుండ్రి.”

“ఏం చెప్పాలె? నాకు మీ నాయినతోని మాటల్లేవు. గని ఆ మాట నా చెవుల ముంగటే అన్నడు. నేను సాక్ష్యం.”

వాడు గేటు ధడాలున వేసి పోయాడు. మా వదిన లేచి, కొంగు ముడి విప్పి, తాళంచెవి నా ఒళ్ళో పడేసింది.

“నీ కాడ ఉండనియ్యి వదినా. నేను తల్లిని, ఎప్పుడో ఒకనాడు మెత్తబడ్త. నీకు గా బాధ లేదు.”

ఆయన బతికి ఉంటే ఈ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నేను నవ్వలేదు. ఇంటికి తెచ్చి దేవుడి గదిలో మేకుకు తగిలించాను. ఆదివారం మీటింగ్ తెల్లపందిరి కిందే జరిగింది.

పోయిన నెలలో చెరువు దిక్కు వీధి చివర, గ్రౌండ్ పక్క ఇంట్లో ఒక ముసలామె పోయింది. అప్పట్లో గడపలో నిలబడి ‘గర్వమా’ అని అడిగిన ముసలామే. ఆమె కొడుకు పొద్దున్నే నా గేటు దగ్గర నిలబడ్డాడు, “మేడం, తాళం మీ కాడ ఉన్నదట.” పోయి షటర్ ఎత్తాను. షామియానా, కుర్చీలు వాళ్ళే మోసుకున్నారు. వాళ్ళ ఇంటి ముందు వాకిలి లేదు, ఉన్న ఖాళీ జాగ అంతా ఆ రోడ్డే. రోడ్డుకు అడ్డంగా వేశారు, మేకులు పక్కన మిగిలిన గ్రౌండ్ చీలికలో కొట్టారు. విల్లాల నుంచి కార్లు వచ్చి హారన్ కొట్టాయి. ఒకాయన అద్దం దించి, “ఎంతసేపండీ ఇది?” అన్నాడు. “ఇవ్వాళ ఈ దారి లేదు, అటు తిరిగి పొండి” అన్నాను. బడి విడిచాక పిల్లలు ఆ నీడలోకి వచ్చారు. శవాన్ని ఎత్తారు, పెద్దలు పాడె వెంట చెరువు దిక్కు పోయారు. ఖాళీ ఎర్ర కుర్చీల మధ్య, కార్లు లేని ఆ రోడ్డు మీద పిల్లలు పరుగులు పెట్టారు. గ్రౌండ్ విషయంలో ఆయనను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. క్షమించలేదు. చావు ఇంటి ముందు ఆడుతున్న ఆ పిల్లల మీద అరవలేదు, అంతే.

టెంట్ విప్పాక చివరిదాకా ఉన్నాను. మేకులు పీకిన గుంతల్లోకి మన్ను తోసి, చెప్పుతో తొక్కుతూ వచ్చాను. ఇంకొక్క గుంత దగ్గర కాలు ఎత్తేసరికి ఇద్దరు పిల్లలు అడ్డం వచ్చారు.

“మేడం, మేడం, అది పూడ్సకుండ్రి. గోలీలాడుకుంటం.”

కాలు పక్కన పెట్టాను. వాళ్ళు అప్పుడే వేలితో ఆ గుంతను గుండ్రంగా చేసి, అంచున మన్ను ఊదేసి, గీత గీశారు. ఒకడు మోకాలి మీద కూర్చుని, ఒక కన్ను మూసి, వేలు వెనక్కి వంచి గోలీ వదిలాడు. అది ఆ చీలిక మీద దొర్లుకుంటూ వచ్చి, గుంత అంచున ఒక్క క్షణం ఆగి, లోపల పడింది.